అంచులు కలపడానికి ఏది వాడాలి: ఫెదరా, మాస్కా, గ్రేడియెంటా?

"బాబూ, మా అమ్మాయి జడలో మల్లెపూలు ఏవి?"

ఆల్బమ్ తీసుకోవడానికి వచ్చిన పెళ్లికూతురి తల్లి అడిగిన మాట ఇది. నేను ఆల్బమ్ డిజైనింగ్ మొదలుపెట్టిన కొత్తల్లో సంగతి. 12×36 అంగుళాల షీటు, ఎడమవైపు అమ్మాయి పక్కకి తిరిగి నిలబడ్డ పెద్ద ఫొటో, వెనక గుడి గోపురం. ఫొటోషాప్‌లో అమ్మాయిని కట్ చేసి గోపురం మీద పెట్టింది నేనే. అంచు గట్టిగా కనబడుతోందని 30 పిక్సెల్స్ ఫెదర్ కొట్టాను, అంటే అంచుని అంత మేర మసకబరిచాను. అంచు మెత్తబడింది. దాంతోపాటు జడ అంచున వరసగా ఉన్న మల్లెమొగ్గలన్నీ పొగలా కరిగిపోయాయి. మానిటర్ మీద షీటు మొత్తం ఒకేసారి పెట్టుకుని చూస్తే తెలియలేదు. ప్రింటులో ఆవిడకి ఒక్క చూపులో తెలిసిపోయింది. ఆ షీటు నా ఖర్చుతో మళ్లీ వేయించాను.

అప్పటి నుంచి ఎవరైనా "అన్నా, అంచులు కలపడానికి ఏ టూల్ మంచిది?" అని అడిగితే టూల్ పేరు వెంటనే చెప్పను. అక్కడ ఏం అంచు ఉందో చూపించమంటాను. అంచు మెత్తగా ఉంటే కలిసిపోయినట్టు అని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ ఫొటోలో మిగతా అంచులు ఎలా ఉన్నాయో మనం కలిపిన అంచు కూడా అలాగే ఉంటే కలిసిపోయినట్టు. పక్కనున్న స్తంభం కత్తిలా ఉండి, మనిషి భుజం మాత్రం దూదిలా ఉంటే అతికించారని చంటిపిల్లాడైనా చెబుతాడు.

ముందు ఏ రకం అతుకో తేల్చుకోండి

ఆల్బమ్ అయినా, ఫ్లెక్సీ అయినా, ఇంట్లో సరదాకి చేసుకునేదైనా అతుకులు మూడు రకాలుగా వస్తాయి. ఒకటి, ఒక ఫొటో మెల్లగా ఇంకో ఫొటోలోకి కరిగిపోవడం. ఎడమవైపు తలంబ్రాలు, కుడివైపు అప్పగింతలు, మధ్యలో గీత కనబడకూడదు. రెండోది, మనిషినో వస్తువునో కట్ చేసి వేరే బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టడం. మూడోది, ఒకే చోట తీసిన రెండు మూడు ఫొటోల్ని ఒకటి చేయడం. ఒక ఫ్రేములో పట్టని గోదావరి ఒడ్డు కావచ్చు, గ్రూపు ఫొటోలో కళ్లు మూసేసిన బాబాయి మొహం బదులు పక్క ఫ్రేములో ఉన్న మొహం కావచ్చు.

మొదటిదానికి వెడల్పాటి మెత్తదనం కావాలి. రెండోదానికి దాదాపు అక్కర్లేదు, ఒకటి రెండు పిక్సెల్స్ చాలు. మూడోదానికి మెత్తదనం కన్నా అతుకు ఏ దారిన వెళ్తోందన్నది ముఖ్యం. నా మల్లెపూల తప్పు ఏమిటంటే, మొదటి రకానికి వాడాల్సిన మందు రెండో రకానికి వాడాను.

ఇంకో విషయం. అంచు మీద చెయ్యి వేసే ముందు రెండు ఫొటోల వెలుగు, రంగు దగ్గరికి తెచ్చుకోవాలి. మండపంలో పసుపు లైట్ల కింద తీసిన ఫొటోని మధ్యాహ్నం ఆరుబయట తీసినదాని మీద పెట్టి ఎంత ఫెదర్ చేసినా కలవదు. ముందు వెలుగూ రంగూ మార్చే కర్వ్స్‌తోనో, కలర్ బ్యాలెన్స్‌తోనో నీడల్లో నలుపు ఎంత ఉంది, తెలుపులో పసుపు ఎంత ఉంది అనే రెండూ సరిచేసుకుంటే అంచు పని సగం తగ్గుతుంది. వెలుగు ఎడమ నుంచి పడ్డ మనిషిని, కుడి నుంచి ఎండ పడుతున్న గోపురం ముందు పెట్టాల్సి వస్తే నేనైతే వేరే ఫొటో వెతుక్కుంటాను.

ఎరేజర్, ఫెదర్, మాస్క్

మెత్తటి ఎరేజర్‌తో పై లేయర్ (ఒకదాని మీద ఒకటి పరిచిన పొరల్లో పైది) అంచులు చెరిపేయడం అందరం మొదట నేర్చుకునే పద్ధతి. త్వరగా అవుతుంది. వాట్సాప్ స్టేటస్‌కి పెట్టే పుట్టినరోజు ఫొటోకి సరిపోతుంది కూడా. కానీ చెరిపింది పోయినట్టే. ఫైల్ సేవ్ చేసి మూసేశాక "మా మావయ్య చెయ్యి కూడా కనబడేలా కొంచెం జరపండి" అని కస్టమర్ అంటే, ఆ చెయ్యి ఇక ఆ ఫైల్లో ఉండదు. ఒరిజినల్ వెతికి తెచ్చి, మళ్లీ రంగులు సరిచేసి, మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. డబ్బులు తీసుకుని చేసే పనిలో ఎరేజర్ వద్దు.

మాస్క్ అంటే లేయర్‌లో ఏది కనబడాలో, ఏది దాక్కోవాలో చెప్పే నలుపు తెలుపు తెర. అందులో ఏదీ చెరగదు. నలుపు పూస్తే దాక్కుంటుంది, తెలుపు పూస్తే బయటికొస్తుంది, బూడిద రంగు పూస్తే సగం కనబడుతుంది. నలుపు తెలుపుల మధ్య మారడానికి ఎక్స్ కీ ఒకటి చాలు. షిఫ్ట్ పట్టుకుని మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేస్తే మాస్క్ తాత్కాలికంగా ఆగుతుంది. ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే మాస్క్ ఒక్కటే నలుపు తెలుపుల్లో తెర నిండా కనబడుతుంది. మరకలు, మర్చిపోయిన చుక్కలు అక్కడ దొరికిపోతాయి. నేను ప్రతి షీటుకీ ఈ రెండోది చేస్తాను.

ఫెదర్ విషయంలో చిక్కు వేరే. సెలెక్షన్ మీద ఫెదర్ కొట్టి డిలీట్ చేస్తే ఎరేజర్‌కీ దానికీ తేడా లేదు, వెనక్కి రాదు. అదే ఫెదర్‌ని మాస్క్ ప్రాపర్టీస్ ప్యానెల్లో ఇస్తే ఎప్పుడైనా పెంచుకోవచ్చు, సున్నా చేసుకోవచ్చు. ఫొటోషాప్ వాడుతూ ఇప్పటికీ సెలెక్ట్ మెనూలోకి వెళ్లి ఫెదర్ కొడుతున్నవాళ్లు ఉన్నారు. అలవాటు, అంతే.

ఎంత ఫెదర్ అంటే ఒక్క నంబర్ చెప్పలేం, ఎందుకంటే పిక్సెల్ అంటే ఒక కొలత కాదు. 12×36 షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 10800×3600 పిక్సెల్స్ ఉంటుంది. అందులో 20 పిక్సెల్స్ అంటే కాగితం మీద 1.7 మిల్లీమీటర్లు. అదే 20 పిక్సెల్స్ 72 డీపీఐలో చేసిన ఫ్లెక్సీ మీద 7 మిల్లీమీటర్లు. 1080 పిక్సెల్స్ వెడల్పున్న ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలో అయితే మొత్తం వెడల్పులో దాదాపు 2 శాతం, అంటే మొహం పక్కనుంచి చెవి మాయమవడానికి సరిపోతుంది. పైగా ఫెదర్ అనేది మనం గీసిన గీత నుంచి లోపలికీ బయటికీ రెండు వైపులా పాకుతుంది. అందుకే "20 ఇవ్వండి" అని వీడియోలో చెప్పింది మీ ఫైల్‌కి సరిపోకపోవచ్చు. కాగితం మీద ఎన్ని మిల్లీమీటర్లు మెత్తబడాలో అనుకుని, దాన్నిబట్టి పిక్సెల్స్ లెక్క వేసుకోండి. 300 డీపీఐలో ఒక మిల్లీమీటరుకి సుమారు 12 పిక్సెల్స్.

ఒక ఫొటో ఇంకో ఫొటోలోకి కరగాలంటే

ఇక్కడ పోటీ గ్రేడియెంట్‌కీ మెత్తటి బ్రష్‌కీ. మాస్క్ మీద ఒక గ్రేడియెంట్, అంటే నలుపు నుంచి తెలుపుకి మెల్లగా మారే పట్టీ, లాగితే రెండు సెకన్లలో ఫొటో కరిగిపోతుంది. ఆకాశం, గోడ, తెర, పూల డెకరేషన్‌లో మసకబారిన వెనక భాగం లాంటివి అతుకు దగ్గర ఉంటే గ్రేడియెంట్‌కి మించింది లేదు. మొహమో చెయ్యో దారిలో ఉంటే మాత్రం గ్రేడియెంట్ దేన్నీ చూడదు, అడ్డంగా కోసుకుంటూ పోతుంది. సగం కనబడి సగం కనబడని చెయ్యి పెళ్లి ఆల్బమ్‌లో దెయ్యం చెయ్యిలా ఉంటుంది. అలాంటప్పుడు ముందు గ్రేడియెంట్ లాగి, తర్వాత బ్రష్ హార్డ్‌నెస్ (అంచు గట్టిదనం) సున్నా, ఫ్లో (ఒక్కసారికి పడే రంగు) 10 నుంచి 15 శాతం పెట్టుకుని చేతుల్ని తెలుపుతో వెనక్కి తెచ్చుకుంటాను. ఫ్లో తక్కువగా ఉంటే ఒకే చోట నాలుగుసార్లు తిప్పుతూ మెల్లగా పెంచుకోవచ్చు. 100 శాతంతో ఒక్కసారి పూస్తే బ్రష్ గుండ్రం గుండ్రంగా అచ్చు పడుతుంది.

గ్రేడియెంట్‌తో చాలామంది చేసే తప్పు ఒకటుంది. దీన్ని కనిపెట్టడానికి నాకు చాలా రోజులే పట్టింది. రెండు ఫొటోల్నీ కరిగిస్తారు. ఎడమది కుడివైపుకి కరుగుతుంది, కుడిది ఎడమవైపుకి కరుగుతుంది, మధ్యలో రెండూ కలుస్తాయి, న్యాయంగానే అనిపిస్తుంది. కానీ మధ్యలో తెల్లటి పొగ మిగులుతుంది. ఎందుకంటే కింది లేయర్ 50 శాతం ఉన్నచోట పైనున్నది కూడా 50 శాతమే ఉంటే మొత్తం 100 అవదు. పైది సగం కప్పుతుంది, మిగిలిన సగంలో కిందిది సగం కప్పుతుంది, అంటే 75 శాతం. మిగిలిన 25 శాతంలోంచి వెనకున్న తెల్ల కాగితం తొంగిచూస్తుంది. కింది ఫొటోకి మాస్క్ వేయకుండా పూర్తిగా వదిలేసి, పైదాన్ని మాత్రమే కరిగిస్తే ఆ పొగ ఉండదు. రెండు ఫొటోలూ ఒకదాని మీద ఒకటి కొంత మేర ఎక్కేలా జరుపుకుంటే చాలు.

రెండో ఇబ్బంది చారలు. ముదురు మెరూన్ తెర మీద నుంచి కొంచెం లేత మెరూన్ తెరలోకి పది అంగుళాల పొడవున కరిగించారనుకోండి. 8 బిట్ ఫొటోలో ఒక్కో రంగుకి 256 మెట్లు. కానీ మన రెండు మెరూన్ల మధ్య తేడా 40 మెట్లే ఉంటే, 3000 పిక్సెల్స్ దూరాన్ని ఆ 40 మెట్లతోనే నింపాలి. ఒక్కో మెట్టు 75 పిక్సెల్స్, ప్రింటులో 6 మిల్లీమీటర్ల పైన. అంత వెడల్పు చార కంటికి ఆనుతుంది. 16 బిట్‌లోకి మార్చుకుని పనిచేయడం మంచిదే కానీ ప్రింటింగ్ ల్యాబ్‌కి పంపేది 8 బిట్ జేపెగ్ అయితే చారలు మళ్లీ అక్కడ తేలతాయి. అసలు మందు నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు సన్నటి చుక్కలు. అతుకు మీద ఒక శాతం, ఒకటిన్నర శాతం నాయిస్ వేస్తే మెట్ల అంచులు చెదిరిపోతాయి. ఎటూ రాత్రి పెళ్లి ఫొటోల్లో చీకట్లో కెమెరా ఐఎస్ఓ పెంచి తీయడంవల్ల వచ్చే ఇలాంటి చుక్కలు, గ్రెయిన్, ఉంటుంది కాబట్టి అది అందులోనే కలిసిపోతుంది.

అతుకు ఎక్కడ పెట్టాలన్నది టూల్ కన్నా పెద్ద నిర్ణయం. దీనికి ఒక పాత సంగతి గుర్తొస్తుంది. ఫొటోగ్రఫీ కొత్తల్లో సముద్రానికి సరిపోయే ఎక్స్‌పోజర్ ఇస్తే ఆకాశం తెల్లగా మాడిపోయేది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే 1850ల్లో ఆకాశానికి ఒక నెగెటివ్, సముద్రానికి ఒక నెగెటివ్ తీసి, రెండూ ఒకే కాగితం మీద ప్రింట్ చేశాడు. అతుకు ఎక్కడ వేశాడు? సముద్రమూ ఆకాశమూ కలిసే గీత మీద. అక్కడ ఎలాగూ ఒక గీత ఉంటుందని చూసేవాడికి తెలుసు, అనుమానం రాదు. మన షీట్లలో ఆ గీత పందిరి రాట కావచ్చు, పూలదండ కావచ్చు, పట్టుచీర అంచు కావచ్చు. ఖాళీ గోడ మధ్యలో 400 పిక్సెల్స్ మెత్తగా కరిగించడం కన్నా, అరటిచెట్టు కాండం వెంట 3 పిక్సెల్స్‌తో కోసేయడం చాలాసార్లు నయం.

మనిషిని కట్ చేసి పెట్టాలంటే

ఇక్కడే ఎక్కువ సమయం పోతుంది, ఎక్కువ పాడయ్యేదీ ఇక్కడే.

ఒకే టూల్‌తో మొత్తం మనిషిని కట్ చేయాలనుకోవడం మొదటి పొరపాటు. మనిషి చుట్టూ ఉండే అంచు ఒక రకం కాదు. షేర్వాణీ భుజం, చీర కుచ్చిళ్లు, చెంప, గాజుల చెయ్యి గట్టి అంచులు. వీటికి పెన్ టూల్‌తో పాత్, అంటే అంచు వెంట గీత, గీసుకోవడమే ఇప్పటికీ ఉత్తమం, దాని మీద అర పిక్సెల్ నుంచి ఒకటిన్నర పిక్సెల్ ఫెదర్. విసుగే, కాదనను. సబ్జెక్ట్ సెలెక్ట్ బటన్ నొక్కితే అయిదు సెకన్లలో దాదాపు అంతా వచ్చేస్తుంది కదా అంటారు. వస్తుంది. జరీ అంచు మెరుపుని బ్యాక్‌గ్రౌండ్ లైటు అనుకుని కొరికేసిన చోట్లు మాత్రం మనమే వెతకాలి. నేను దాంతో మొదలుపెట్టి, చీర అంచు వరకు పాత్‌తో సరిచేసుకుంటాను.

జుట్టు మెత్తటి అంచు. దీనికి ఫొటోషాప్‌లో 2016లో వచ్చిన సెలెక్ట్ అండ్ మాస్క్ సరైనది. అందులో రిఫైన్ ఎడ్జ్ బ్రష్‌తో జుట్టు బయటి అంచు మీద మాత్రమే తిప్పాలి. తల లోపలికి తెచ్చారంటే నుదుటి మీద చిల్లులు పడతాయి. వెనక ఉన్నది ఒకే రంగు తెర అయితే ఒక్కో వెంట్రుకా వస్తుంది. వెనక మండపం పూలూ లైట్లూ ఉంటే రాదు. రాని వెంట్రుకల కోసం గంట కూర్చోవడం కన్నా వాటిని కోసేసి, చిన్న బ్రష్‌తో నాలుగు వెంట్రుకలు కొత్తగా గీసుకోవడం త్వరగా తేలే పని. ఎవరూ కనిపెట్టలేదు ఇప్పటిదాకా.

ఇక జడలో పూలు. ఇవి గట్టివీ కావు, మెత్తనివీ కావు. నల్లటి జుట్టు పక్కన తెల్లటి మొగ్గ, దాని వెనక బహుశా తెల్లటి తెర. ఆటోమేటిక్ టూల్ ఏదైనా ఇక్కడ తడబడుతుంది, మొగ్గని తెరలో కలిపేస్తుంది. నేను మాస్క్ మీద 200 శాతం జూమ్ చేసుకుని, బ్రష్ సైజు మొగ్గంత పెట్టుకుని, హార్డ్‌నెస్ 70, 80 మధ్య ఉంచి ఒక్కొక్క మొగ్గనీ తెలుపుతో నొక్కుకుంటూ పోతాను. లాగను, చుక్కల్లా నొక్కుతాను. ఒక జడకి పది, పదిహేను నిమిషాలు. జడ కుప్పెల దగ్గరికొచ్చేసరికి మళ్లీ గట్టి అంచు, అక్కడ పాత్.

కట్ చేశాక అంచున పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు సన్నటి గీతలా మిగులుతుంది. తెల్ల తెర ముందు తీసిన మనిషిని సాయంత్రం ఆకాశం మీద పెడితే చుట్టూ తెల్లగా మెరుస్తుంది. చాలామంది దీన్ని దాచడానికి ఫెదర్ పెంచుతారు, అది ఇంకా వెడల్పై కూర్చుంటుంది. చేయాల్సింది మూడింట్లో ఒకటి. సెలెక్ట్ అండ్ మాస్క్‌లోనే ఉండే షిఫ్ట్ ఎడ్జ్‌ని మైనస్ 10, 15 దాకా తగ్గించి అంచుని లోపలికి జరపడం, ఇది గట్టి అంచులకి బాగుంటుంది. అక్కడే డీకంటామినేట్ కలర్స్ టిక్ పెట్టడం, ఇది జుట్టుకి బాగుంటుంది. కానీ ఇది అసలు పిక్సెల్స్ రంగే మార్చేస్తుంది కాబట్టి ఫలితాన్ని కొత్త లేయర్‌గా ఇస్తుంది, పాత లేయర్ పారేయకండి. మూడోది నాకు ఇష్టమైనది. పైన ఒక ఖాళీ లేయర్ వేసి, దాన్ని మనిషి లేయర్‌కి క్లిప్ చేసి (పూసింది మనిషిని దాటి బయటికి పోకుండా), బ్లెండ్ మోడ్ (పై లేయర్ కిందిదానితో కలిసే తీరు) కలర్‌లో పెట్టి, జుట్టు లోపలి రంగు తీసుకుని అంచు మీద మెత్తగా పూయడం. ఎర్ర షామియానా కింద తీసిన ఫొటోల్లో చెంప అంచున ఎరుపు కొట్టేది దీంతోనే పోతుంది. గీత మరీ తెల్లగా ఉంటే కలర్ మోడ్ చాలదు, ఎందుకంటే అది రంగుని మారుస్తుంది తప్ప వెలుగుని మార్చదు. అప్పుడు కిందిదాన్ని ముదురు చేసే మల్టిప్లై మోడ్.

ఇంకొక్క మాట. లెన్స్ ఎక్కడ ఫోకస్ అయిందో చూడండి. 85 ఎంఎం లెన్స్‌తో కళ్ల మీద ఫోకస్ చేసి తీసిన ఫొటోలో చెంప అంచు పదునుగా ఉంటుంది, వెనక భుజం మసకగా ఉంటుంది. మాస్క్ కూడా అలాగే ఉండాలి. చెంప దగ్గర ఒక పిక్సెల్, వెనక భుజం దగ్గర 6, 8 పిక్సెల్స్. బ్లర్ టూల్‌ని మాస్క్ మీద ఆ భుజం దగ్గర మాత్రం నాలుగుసార్లు తిప్పితే చాలు. మొత్తానికి ఒకే ఫెదర్ ఇచ్చిన కటింగ్‌కీ, ఇలా చేసిన కటింగ్‌కీ తేడా పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

కట్ చేయకుండానే కలిసేవి

దీపం, కాకరపువ్వొత్తి, మతాబు, తారాజువ్వ, రాత్రి పూట తీసిన సీరియల్ లైట్లు: నల్లటి వెనకాల మీద వెలుగు ఉన్న ఏదైనా సరే కట్ చేయకండి. పైన పెట్టి బ్లెండ్ మోడ్ స్క్రీన్ అనండి. స్క్రీన్‌లో నలుపు ఏమీ చేయదు, వెలుగు మాత్రమే మిగులుతుంది. నిప్పురవ్వల అంచుని ఏ పెన్ టూల్ గీయలేదు. తెల్ల కాగితం మీద ఉన్నవాటికి దీనికి తిరగేసి మల్టిప్లై: పసుపు పెట్టిన శుభలేఖ మీద అక్షరాలు, సంతకం, ముగ్గు డిజైన్. నలుపు పూర్తి నలుపు కాకపోతే స్క్రీన్‌లో లేత పెట్టె ఒకటి కనబడుతుంది, లెవెల్స్‌లో నలుపు వైపు స్లైడర్ కొంచెం లోపలికి తోస్తే పోతుంది.

కొబ్బరిచెట్ల వెనక ఆకాశం మార్చాలంటే బ్లెండ్ ఇఫ్, అంటే వెలుగుని బట్టి లేయర్‌ని దాచే సెట్టింగు. లేయర్ మీద డబుల్ క్లిక్ చేస్తే వచ్చే పెట్టెలో అడుగున ఉంటుంది, చాలామంది అక్కడిదాకా కిందికి చూడరు. ఆకాశం వెలుగు, ఆకులు చీకటి. నీలం చానల్ ఎంచుకుని స్లైడర్ జరిపితే ఆకుల మధ్య సందుల్లోంచి కూడా పాత ఆకాశం పోతుంది. ఆల్ట్ పట్టుకుని లాగితే స్లైడర్ ముక్కోణం రెండుగా చీలుతుంది, ఆ రెండు ముక్కల మధ్య దూరమే మెత్తదనం. చీల్చకుండా వాడితే ఆకుల చుట్టూ రంపపు పళ్లలా కనబడుతుంది.

ఒకే చోట తీసిన ఫొటోలైతే

గ్రూపు ఫొటోలూ, పనోరమాలూ చేత్తో కలపడం నేను మానేశాను. ఫొటోషాప్ ఎడిట్ మెనూలో ముందు ఫొటోల్ని ఒకదాని మీద ఒకటి సరిపెట్టే ఆటో అలైన్, తర్వాత అతుకు కలిపే ఆటో బ్లెండ్. డబ్బు పెట్టలేని వాళ్లకి హ్యూగిన్ అనే పనోరమా సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో అంచులు కలిపే ఎన్‌బ్లెండ్ పనోరమాలకి ఫొటోషాప్‌కి తీసిపోదు.

ఎన్‌బ్లెండ్ వెనకున్న ఆలోచన తెలుసుకుంటే చేత్తో చేసే పని కూడా మారుతుంది. పీటర్ బర్ట్, ఎడ్వర్డ్ ఆడెల్సన్ అనే ఇద్దరు 1983లో దీన్ని రాశారు, సగం యాపిల్‌నీ సగం నారింజనీ అతుకు తెలియకుండా కలిపి చూపించారు. ఫొటోని ముతక భాగాలుగా, సన్నటి భాగాలుగా విడగొడతారు. విశాలంగా పరచుకున్న వెలుగూ రంగూ వెడల్పుగా కలుపుతారు, తొక్క మీద గీతల్లాంటి సన్నటి వివరాల్ని ఇరుగ్గా కలుపుతారు. ఒకే ఫెదర్‌తో రెండూ చేస్తే ఒకటి తప్పకుండా చెడుతుంది. వెడల్పు చాలకపోతే రంగు తేడా గీత కడుతుంది, ఎక్కువైతే ఆకులూ అల్లికా రెండు రెండుగా కనబడతాయి. 2003లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చూపిన పోయిసాన్ పద్ధతి ఇంకో దారి. హీలింగ్ బ్రష్ వాడినవాళ్లకి అదెలా ఉంటుందో అర్థమవుతుంది: ముక్క తెచ్చి అతికిస్తే చుట్టుపక్కల రంగు దానికి పట్టేస్తుంది. చర్మం మీద, గోడ మీద బాగుంటుంది. మొహాన్ని ఎర్ర తెర పక్కన అలా అతికిస్తే మొహం ఎర్రబడుతుంది, జాగ్రత్త.

బాబాయి కళ్లు మార్చాలంటే మాత్రం రెండు ఫ్రేముల్ని అలైన్ చేసి, నల్లటి మాస్క్ వేసి, మొహం ఒక్కటే తెలుపుతో బయటికి తేవడం చాలు. అతుకుని జుట్టు మొదలు వెంటా, చొక్కా కాలర్ వెంటా తిప్పండి. తీసేటప్పుడే ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో బిగించి, ఒకే చోట నిలబడి అయిదారు ఫ్రేములు తీయమని ఫొటోగ్రాఫర్‌కి చెప్పగలిగితే అయిదు నిమిషాల పని. చెప్పినా తీయరనుకోండి.

ఏఐతో ఖాళీ నింపే జెనరేటివ్ ఫిల్ ఫొటోషాప్‌లోకి 2023లో వచ్చాక అతుకు మీద సెలెక్షన్ గీసి నొక్కేయడం ఫ్యాషన్ అయింది. గడ్డి, ఆకాశం, నేల మీద పరిచిన తివాచీ దగ్గర బాగా చేస్తుంది. పెద్ద షీటులో అది కొత్తగా పుట్టించిన చోటు పక్కనున్న అసలు ఫొటో కన్నా మొద్దుగా కనబడొచ్చు, 100 శాతం జూమ్‌లో చూసుకోవాలి. మొహాల దగ్గర, నగల దగ్గర నేను వాడను. కాసులపేరులో ఒక కాసు ఎక్కువైతే మనకి తెలియదు, ఆ ఇంటివాళ్లకి తెలుస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్

రోజూ చేసే పనికి ఫొటోషాప్, ముఖ్యంగా జుట్టు కోసం. ల్యాబ్‌లూ స్టూడియోలూ పీఎస్‌డీ (లేయర్లతో ఉన్న ఫొటోషాప్ ఫైల్) అడుగుతాయి కాబట్టి వేరే దారి కూడా తక్కువ. నెలనెలా కట్టలేకపోతే, పీఎస్‌డీ తెరిచి చిన్న మార్పులు చేయడానికి బ్రౌజర్‌లో నడిచే ఫొటోపియా చాలు. మాస్కులు, బ్లెండ్ ఇఫ్ అన్నీ ఉన్నాయి, కానీ 10800 పిక్సెల్స్ షీటులో ఇరవై లేయర్లు పెడితే పాత కంప్యూటర్ మూలుగుతుంది. నేర్చుకునేవాళ్లకి ఉచితంగా దొరికే జింప్ చెబుతాను. ఒక్కటి గుర్తుంచుకోండి. జింప్ 2.10 నుంచి లేయర్లని మామూలుగా వెలుగు లెక్కన కలుపుతుంది, ఫొటోషాప్ మామూలు సెట్టింగుల్లో అలా కలపదు. నలుపు మీద తెలుపుని 50 శాతం పెడితే ఫొటోషాప్‌లో 128 వస్తే జింప్‌లో 188 వస్తుంది (0 నలుపు, 255 తెలుపు). అంటే అదే మెత్తటి అంచు జింప్‌లో మధ్యలో లేతగా, ఫొటోషాప్‌లో ముదురుగా కనబడుతుంది. ఒకదాంట్లో నేర్చుకున్న ఫెదర్ చెయ్యి రెండోదానికి పనికిరాలేదని కంగారుపడకండి.

ఫోన్‌లో అయితే స్నాప్‌సీడ్‌లో డబల్ ఎక్స్‌పోజర్ వేసి, వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్లి వేలితో మాస్క్ పూసుకోవచ్చు. స్టేటస్‌కి సరిపోతుంది. ప్రింటుకి ఫోన్ మీద చేసిన కటింగ్ పంపకండి.

పంపే ముందు

షీటు పైన ఒక కర్వ్స్ లేయర్ వేసి గీతని బాగా వంకర తిప్పండి. చీకట్లు తెల్లబడి, వెలుగులు నల్లబడి, రంగులు వికారంగా మారతాయి. మాస్క్‌లో మిగిలిన మరకలూ, సరిగ్గా చెరగని చతురస్రపు అంచులూ అప్పుడు బయటపడతాయి. చూసుకున్నాక ఆ లేయర్ తీసేయండి. తీయడం మర్చిపోయి ల్యాబ్‌కి పంపినవాడిని ఒకణ్ని నాకు తెలుసు, పేరు చెప్పను, ఈ వ్యాసం రాస్తున్నాడు.

కస్టమర్‌కి వాట్సాప్‌లో షీటు పంపి ఓకే తీసుకుంటే సరిపోదు. అక్కడికి చేరేసరికి ఫొటో చిన్నదైపోతుంది, 30 పిక్సెల్స్ తప్పు నాలుగైదు పిక్సెల్స్ అవుతుంది, అందరికీ బాగానే కనబడుతుంది. మొత్తం షీటుతో పాటు మొహం, జడ, చేతుల దగ్గర 100 శాతంలో కట్ చేసిన మూడు ముక్కలు కూడా పంపుతాను. కొత్త ల్యాబ్ అయితే అతుకున్న చోటు వరకు 4×12 ముక్క ఒకటి ముందు ప్రింట్ వేయించుకుంటాను, గ్లాసీ ఒకటి, మ్యాట్ ఒకటి. చారలు గ్లాసీలో ముందు కనబడతాయి.